పోలిష్ స్టోన్‌వేర్ పాత్రలు కొనేముందు: నాణ్యతనూ భద్రతనూ విడివిడిగా పరీక్షించే పద్ధతి

పోలండ్ నైరుతి భాగంలో, దిగువ సైలీషియా ప్రాంతంలో, బుబ్ర్ నది ఒడ్డున ఉన్న బొలెస్‌వావియెట్స్ పట్టణం నీలి చుక్కల స్టోన్‌వేర్‌కు (అంటే ఎక్కువ వేడిలో కాల్చి గట్టిపరచిన మట్టిపాత్రలకు) పెట్టింది పేరు. ఆ పళ్లేలు, మగ్గులు, బేకింగ్ పాత్రలు ఐరోపాలోనూ అమెరికాలోనూ విరివిగా అమ్ముడవుతున్నాయి కనుక అక్కడ స్థిరపడిన తెలుగువారి వంటిళ్లలోనూ అవి కనిపించడం వింతేమీ కాదు. కొనబోయే ముందు చాలామంది అడిగేది ఒకే ప్రశ్న: ఇది మంచిదేనా అని. నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి. పాత్రను ఎంత శ్రద్ధగా చేశారన్నది మొదటిది. దానికి కన్ను, వేలు, చెవి చాలావరకు సమాధానం చెప్పగలవు. అందులో పెట్టిన ఆహారంలోకి విషలోహాలైన సీసం గాని కాడ్మియం గాని దిగుతుందా అన్నది రెండోది. దానికి ఏ ఇంద్రియమూ సమాధానం చెప్పలేదు. చూడచక్కని పాత్ర సురక్షితం కాకపోవచ్చు, రెండో రకం కింద తక్కువ ధరకు అమ్మిన వంకర పళ్లెం పూర్తిగా సురక్షితం కావచ్చు. అందుకే ఈ కింది పరీక్షల్లో ఏది ఏ ప్రశ్నకు జవాబిస్తుందో ఎక్కడికక్కడ చెబుతూ వెళతాను.

మొదటి అడుగు: పాత్ర తయారైన తీరును తెలుసుకోవడం

తయారీ తెలియకుండా లోపాన్ని లోపంగా గుర్తుపట్టలేము. బొలెస్‌వావియెట్స్‌లో జారుగా కలిపిన మట్టిని ప్లాస్టర్ అచ్చుల్లో పోసి కొన్ని ఆకారాలను, తిరిగే అచ్చు మీద ముద్దమట్టిని అదిమి కొన్ని ఆకారాలను తీస్తారు. ఆరిన తరువాత ఒకసారి తక్కువ వేడిలో కాలుస్తారు. అప్పటికి పాత్ర గట్టిపడుతుంది గాని ఇంకా నీటిని పీలుస్తూనే ఉంటుంది. ఆ దశలో స్పాంజితో కోసిన చిన్న చిన్న ముద్రలను రంగులో ముంచి, ఒక్కొక్కటిగా చేత్తో అద్ది, మధ్యమధ్య కుంచెతో గీతలు వేస్తారు. నెమలికన్ను అని పేరుపడ్డ చుక్క కూడా ఇలా అద్దినదే. ఆ తరువాత పాత్రను గ్లేజులో ముంచి, సుమారు 1250 డిగ్రీల సెల్సియస్ వేడిలో రెండోసారి కాలుస్తారు. గ్లేజు కరిగి గాజుపొరగా మారి మట్టితో అతుక్కుపోతుంది, రంగులు ఆ గాజుపొర కింద ఉండిపోతాయి.

ఈ వరుసలో కొనుగోలుదారుకు పనికొచ్చే విషయాలు రెండున్నాయి. రంగు గ్లేజు కింద ఉన్నందున చెంచా గాని చింతపండు పులుసు గాని నేరుగా రంగును తాకవు. రెండోది అంతకంటే ముఖ్యమైనది. కుమ్మరులు గ్లేజులో సీసం వాడింది ప్రధానంగా తక్కువ వేడికే గాజు కరగడానికి, నిగనిగలాడడానికి; 1200 డిగ్రీలు దాటిన బట్టీలో ఫెల్డ్‌స్పార్ రాయిపొడి ఆ పనిని సీసం అవసరం లేకుండానే చేస్తుంది. ఈ ఊరికి జర్మన్‌లో బుంట్స్‌లావు అనే పేరున్న కాలంలో, 19వ శతాబ్దపు తొలి భాగంలో, యోహాన్ గాట్లీబ్ ఆల్ట్‌మన్ అనే కుమ్మరి ఇక్కడ సీసం లేని ఫెల్డ్‌స్పార్ గ్లేజును ప్రవేశపెట్టాడు. కాబట్టి ఇక్కడి తయారీ పద్ధతిలోనే ప్రమాదం తక్కువ. తక్కువ అన్నమాటను లేదు అని చదువుకోకూడదు. రంగుల్లో వాడే ఖనిజాలు, ఇతరచోట్ల నుంచి తెప్పించుకునే గ్లేజు మిశ్రమాలు, బట్టీలో వేడి సరిగా అందకపోవడం వంటివి ఏ కార్ఖానాలోనైనా తేడా తేగలవు.

రెండో అడుగు: బోర్లించి అడుగు చదవడం

పాత్రను చేతిలోకి తీసుకోగానే బోర్లించాలి. తయారీదారు ముద్ర గ్లేజు కింద స్పష్టంగా ఉందా, లేక పైన కాగితపు లేబుల్ మాత్రమే ఉందా అన్నది మొదట చూడవలసింది. త్సెరామికా ఆర్టిస్టిచ్నా, మానుఫక్తురా, వీజా, జక్వాదీ త్సెరామిచ్‌నె బొలెస్‌వావియెట్స్ వంటి సంస్థలు తమ పేరునో గుర్తునో అడుగున వేస్తాయి. పోలండ్‌లో చేత్తో చేసినదన్న ఆంగ్ల వాక్యం కూడా తరచుగా ఉంటుంది. ఉనికాత్ అన్న మాట, దాని పక్కన చిత్రించినవారి సంతకం ఉంటే అది మామూలు నమూనా కాదని, ఎక్కువ శ్రమతో వేసిన చిత్రమని అర్థం. ఆ మాట ధరను పెంచుతుంది, భద్రత గురించి ఏమీ చెప్పదు. పోలిష్ శైలి అని మాత్రమే రాసి తయారైన దేశం పేరు లేకపోతే, పైన చెప్పిన తయారీ పద్ధతిని ఆ పాత్రకు ఆపాదించే హక్కు మనకు లేదు. అలాంటి నీలిచుక్కల నకళ్లు తక్కువ వేడిలో కాల్చిన మెత్తటి మట్టివి కూడా కావచ్చు.

గ్లాసు, ఫోర్కు బొమ్మలున్న గుర్తు ఆహారానికి తగిన వస్తువని తెలిపే ఐరోపా సమాఖ్య గుర్తు. చూడగానే తినడానికే చేసినదని తెలిసే వస్తువు మీద అది తప్పనిసరి కాదు కనుక, కప్పు మీద గుర్తు లేదని అనుమానించనక్కరలేదు. అయితే అలంకరణకు మాత్రమే అన్న హెచ్చరిక ఉంటే దాన్ని అక్షరాలా పాటించాలి. అమెరికాలో ఆహారానికి తగనివైనా పాత్రల్లా కనిపించే సీసపు పింగాణీ వస్తువుల మీద అలాంటి హెచ్చరిక ఉండాలని నియమం ఉంది.

నాణ్యతా తరగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. కార్ఖానాలు తమ సరుకును మొదటి రకం, రెండో రకం, కొన్నిచోట్ల ఇంకా కింది రకాలుగా విడదీసి, తక్కువ రకాలను ఎక్కువగా తమ ఊరి దుకాణాల్లోనే చౌకగా అమ్ముతాయి. ఈ తరగతి కంటికి కనిపించే లోపాలను బట్టి ఇచ్చినదే. మొదటి రకం అన్న ముద్రను భద్రతాపత్రంగా చదివేవారు చాలామంది ఉన్నారు, అది పొరపాటు.

మూడో అడుగు: పగటి వెలుగులో చూడడం

దుకాణంలోని పసుపు దీపాల కింద గ్లేజు లోపాలు దాక్కుంటాయి. వీలైతే కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, వెలుగు ఏటవాలుగా పడేలా పాత్రను నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. చేత్తో అద్దిన ముద్రలు కనుక చుక్కల మధ్య ఎడం కొద్దిగా మారడం, వరుస మొదలైనచోటా ముగిసినచోటా సరిగ్గా కలవకపోవడం లోపాలు కావు. కోబాల్ట్ నీలం కరిగిన గ్లేజులోకి కొంచెం వ్యాపిస్తుంది గనుక అంచులు కాస్త మసకగా ఉండడం కూడా సహజమే. మట్టిలోని ఇనుము వల్ల వచ్చే సన్నని గోధుమరంగు చుక్కలు ఎవరికీ హాని చేయవు.

అసలైన లోపాల విషయంలో అవి ఏమిటన్న దానికంటే ఎక్కడున్నాయన్నది నాకు ఎక్కువ ముఖ్యంగా తోస్తుంది. సూదిమొన బెజ్జాలు పళ్లెం వెనకవైపు ఉంటే ధర తగ్గించమని అడగడానికి పనికొస్తాయి, గిన్నె లోపలి అడుగున ఉంటే మాత్రం తిరస్కరించడమే మంచిది. వాటిలో ఆహారం చిక్కుకుంటుంది, తోమినా పోదు. గ్లేజు ముడుచుకుపోయి మట్టి బయటపడిన చోట్లు, చేతికి తగిలే పొక్కులు, గరుకుగా పొడిబారిన మచ్చలు పెదవి గాని ఆహారం గాని తగిలే వైపు ఉండకూడదు. మెరవవలసిన గ్లేజు ఒకవైపు మెరుస్తూ మరోవైపు చప్పగా, సుద్దలా ఉంటే అక్కడ అది పూర్తిగా కరగలేదని అనుమానించాలి. సరిగా కరగని గ్లేజు ఆమ్లానికి సులభంగా లొంగుతుంది గనుక, ఇది నాణ్యతా లోపం భద్రతా లోపంగా మారే సందర్భం.

అలాంటిదే మరొకటి వెంట్రుకవాసి నెర్రెలు. చల్లారేటప్పుడు మట్టి కంటే గ్లేజు ఎక్కువగా కుంచించుకుపోతే, అది లాగుడు తట్టుకోలేక వలలాగా చీలుతుంది. కొన్నిసార్లు ఈ చీలిక బట్టీలోంచి తీసిన వారాలకో నెలలకో గాని కనిపించదు. కొన్ని దేశాల అలంకార పింగాణీలో దీన్ని కావాలనే రప్పిస్తారు గాని, రోజూ తినే స్టోన్‌వేర్ పళ్లెంలో దీన్ని అందంగా భావించనక్కరలేదు. అనుమానమున్న చోట చిక్కటి టీ డికాషన్ పోసి, గంట తరువాత కడిగి చూస్తే నెర్రెలు గోధుమ గీతలుగా తేలతాయి. దీనికి విరుద్ధంగా, మట్టి ఎక్కువగా కుంచించుకుపోతే అంచుల దగ్గర గ్లేజు పెచ్చులుగా లేస్తుంది. ఇది నెర్రెల కంటే ప్రమాదకరం, ఎందుకంటే గాజు ముక్కలు నేరుగా తిండిలో పడతాయి. మగ్గు అంచునూ పిడి మలుపునూ ప్రత్యేకంగా చూడమనడానికి ఇదే కారణం.

నాలుగో అడుగు: తడమడం, తట్టడం

కళ్లు మూసుకుని వేలికొనలతో లోపలి తలమంతా తడమండి. రంగు ఉన్నచోట, లేనిచోట స్పర్శ ఒకేలా ఉంటే అలంకరణ గ్లేజు కింద ఉన్నట్టు. పువ్వులు, గీతలు వేలికి మిట్టగా తగిలితే, ముఖ్యంగా బంగారు గీతలో మెరిసే ఎరుపులో అలా ఉంటే, అది గ్లేజు మీద వేసి తక్కువ వేడిలో మళ్లీ కాల్చిన పని కావచ్చు. భద్రత విషయంలో ఎక్కువ అనుమానించవలసింది అలాంటి పాత్రలనే. ఎరుపు, నారింజ రంగులు కనిపించగానే కాడ్మియం అని భయపడడం కూడా సరికాదు. ఎక్కువ వేడిని తట్టుకునేలా కాడ్మియం రంగు కణాలను జిర్కాన్ అనే గట్టి ఖనిజపు పొరలో బంధించి తయారు చేసే పద్ధతి ఉంది. అయితే ఏ పద్ధతి వాడారో చూసి చెప్పలేము.

తరువాత పాత్రను అరచేతి మీద నిలిపి చెక్క గరిటెతో అంచు మీద మెల్లగా తట్టాలి. పగులు లేని, బాగా కాలిన స్టోన్‌వేర్ కంచు గిన్నెలాగా మోగి కొద్దిసేపు ఆ మోత నిలుస్తుంది. బొంగురుగా, పొడిగా ఆగిపోతే ఎక్కడో కనిపించని పగులు ఉండవచ్చు. ఒకే రకం పళ్లేలు రెండు మూడు పక్కపక్కనే తట్టి పోలిస్తేనే తేడా సరిగా తెలుస్తుంది. పిడి ఉన్నవాటి మోత వేరుగా ఉంటుంది కనుక మగ్గును పళ్లెంతో పోల్చకూడదు. చివరగా పాత్రను చదునైన బల్ల మీద పెట్టి అటూ ఇటూ నొక్కి చూడాలి. కాస్త ఊగడం రెండో రకంలో మామూలే. బేకింగ్ పాత్ర బాగా ఊగితే మాత్రం కొనకండి.

అయిదో అడుగు: నీళ్లు పీలుస్తుందేమో చూడడం

ఇది ఇంటి దగ్గర చేయదగిన పరీక్షల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది. బాగా కాలిన స్టోన్‌వేర్ మట్టి దాదాపు గాజులా బిగిసిపోతుంది. అడుగున గ్లేజు లేని వలయం ఉంటుంది. దాని మీద ఒక చుక్క సిరా వేసి, కొన్ని నిమిషాలాగి తడిగుడ్డతో తుడవాలి. దాదాపు పూర్తిగా పోతే మట్టి బిగువుగా ఉన్నట్టు, లోపలికి ఇంకి మరక వ్యాపిస్తే అది నిజమైన స్టోన్‌వేర్ కాకపోవచ్చు, లేదా తక్కువ కాలినది కావచ్చు.

కొలత కావాలంటే పాత్రను సుమారు 110 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు పూర్తిగా ఆరబెట్టి, ఓవెన్‌లోనే చల్లారనిచ్చి వంటింటి త్రాసులో తూచండి. ఒక రోజంతా నీటిలో ముంచి ఉంచి, పైన తడి తుడిచి మళ్లీ తూచండి. 500 గ్రాముల పళ్లెం 10 గ్రాములు పెరిగితే అది 2 శాతం పీల్చినట్టు. ప్రయోగశాలలో నీటిలో మరిగించి కొలుస్తారు కనుక వారి అంకె ఇంటి అంకె కంటే కొంచెం ఎక్కువ రావచ్చు. స్థూలంగా 3 శాతం లోపు ఉంటే స్టోన్‌వేర్‌గా నమ్మవచ్చు, అంతకు బాగా మించితే అది మెత్తటి మట్టిపాత్ర. నీరు పీల్చిన మట్టి మైక్రోవేవ్‌లో తానే బాగా వేడెక్కిపోతుంది, దాని మీద గ్లేజుకు నెర్రెలు రావచ్చు, వాసన కూడా పట్టుకుంటుంది. మైక్రోవేవ్‌లో ఖాళీ పాత్ర పక్కన గాజు గ్లాసుతో నీళ్లు పెట్టి ఒక నిమిషం నడిపితే, నీళ్లు వేడెక్కి పాత్ర దాదాపు చల్లగా ఉండాలి. నీళ్ల కంటే పాత్రే ఎక్కువగా వేడెక్కితే దాన్ని మైక్రోవేవ్‌కు దూరంగా ఉంచండి.

ఆరో అడుగు: సీసం, కాడ్మియం

రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే హాని లేదనే స్థాయి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిల్లలకూ గర్భిణులకూ ప్రమాదం ఎక్కువ. ఇక్కడ మొదట తొలగించుకోవలసిన గందరగోళం ఒకటుంది. పాత్రలో సీసం ఎంత ఉంది అన్నది ఒక కొలత, పాత్ర నుంచి సీసం ఎంత దిగుతుంది అన్నది వేరే కొలత. ఎక్స్‌రే తుపాకీ లాంటి పరికరంతో చూపించే అంకెలు మొదటిదాన్ని చెబుతాయి. చట్టం అడిగేది, మన పొట్టలోకి పోయేది రెండోది. గాజులో గట్టిగా బంధించబడిన లోహం కొంచెమే దిగవచ్చు, సరిగా కాలని గ్లేజులోంచి చాలా దిగవచ్చు.

దిగేదాన్ని కొలిచే పద్ధతి సరళమైనది. 4 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే దాదాపు వంటింటి వెనిగర్ అంత పులుపును, పాత్రలో పోసి సుమారు 22 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, ఆ ద్రవంలోకి వచ్చిన లోహాన్ని కొలుస్తారు. ఐరోపా సమాఖ్య 1984 నాటి ఆదేశం పాత్రలను మూడు వర్గాలు చేసింది. లోతు 25 మిల్లీమీటర్లు దాటని పళ్లేల వంటివాటికి చదరపు డెసిమీటరుకు (వంద చదరపు సెంటీమీటర్లకు) సీసం 0.8 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.07 మిల్లీగ్రాములు హద్దు. గిన్నెలు, కప్పుల వంటివాటికి లీటరుకు సీసం 4.0, కాడ్మియం 0.3 మిల్లీగ్రాములు. వండే పాత్రలకూ, 3 లీటర్లకు మించిన నిల్వ పాత్రలకూ హద్దులు బిగువైనవి: లీటరుకు సీసం 1.5, కాడ్మియం 0.1 మిల్లీగ్రాములు.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ కప్పులకు, మగ్గులకు సీసం హద్దును లీటరుకు 0.5 మిల్లీగ్రాములుగా పెట్టుకుంది, అంటే ఐరోపా హద్దులో ఎనిమిదో వంతు. కాలిఫోర్నియాలో హెచ్చరిక లేకుండా అమ్మడానికి పాటించే అంకెలు ఇంకా తక్కువ: పళ్లేలకు లీటరుకు 0.226, లోతైన పాత్రలకు 0.100 మిల్లీగ్రాములు. అందువల్ల చట్టప్రకారం సురక్షితం అని అమ్మేవారు చెప్పినప్పుడు ఏ చట్టం అని అడగడం మర్యాదకు లోటు కాదు. అమెరికాకు కూడా ఎగుమతి చేసే కార్ఖానా పాత్రను, ఒక్క స్థానిక బజారులో మాత్రమే దొరికే పేరులేని పాత్ర కంటే నేను ముందుగా ఎంచుకుంటాను.

మన వంటకు ఈ వర్గాలు నేరుగా వర్తిస్తాయి. చింతపండు పులుసు, నిమ్మకాయ పులిహోర, మజ్జిగ, టమాటా పచ్చడి అన్నీ పుల్లనివే. పులుపు, వేడి, సమయం కలిసినప్పుడే లోహం ఎక్కువగా దిగుతుంది. పళ్లెంలో పావుగంట తినే పులిహోర వేరు, జాడీలో ఏడాదిపాటు నిల్వ ఉండే ఆవకాయ వేరు. పోలండ్ వారు కూడా దోసకాయలనూ క్యాబేజీనీ ఉప్పునీటిలో పులియబెట్టడానికి స్టోన్‌వేర్ జాడీలనే వాడుతూ వచ్చారు కనుక ఆ పనికి ఈ మట్టి తగనిది కాదు. అయితే ఊరగాయ జాడీ కొనేవారు కప్పుకు చేసిన పరీక్షాపత్రం చూసి తృప్తిపడకూడదు, నిల్వ పాత్ర వర్గంలో చేసిన ఫలితమే అడగాలి. 3 లీటర్ల లోపు జాడీ ఆ బిగువైన వర్గంలోకి రాదన్నదీ గుర్తుంచుకోవాలి. అలాంటి చిన్న జాడీలో ఏడాది ఊరగాయ పెట్టదలచినవారు పెద్ద జాడీ హద్దులనే కొలబద్దగా పట్టుకోవడం నా సలహా.

ఇంట్లో చేసే పరీక్షల విషయానికొస్తే, నిమ్మచెక్కను గ్లేజు మీద రాత్రంతా ఉంచి ఉదయాన చూడడం మంచి పనే. అక్కడ మెరుపు తగ్గినా రంగు మారినా ఆ పాత్ర తిండికి పనికిరాదు. మార్పు లేకపోతే మాత్రం అది ఏ హామీ కాదు, కంటికి మార్పు కనిపించకుండానే లోహం దిగవచ్చు. రుద్దగానే రంగు మారి సీసాన్ని చూపే పరీక్షా పుల్లలు ప్రధానంగా గోడల రంగుల కోసం చేసినవి. అవి పాత్రల నుంచి దిగే కొద్దిపాటి సీసాన్ని పట్టుకోలేకపోవచ్చు. ఖచ్చితమైన జవాబు కావలసినవారు అదే నమూనాకు చెందిన మరో పాత్రను ప్రయోగశాలకు పంపి, పైన చెప్పిన ఆమ్ల పరీక్ష చేయించుకోవడమే దారి. పది పళ్లేల సెట్టు కొనేవారికి ఆ ఖర్చు అనవసరం అనిపించవచ్చు, హోటలుకో పిల్లల బడికో కొనేవారికి కాదు.

పాతవి, వాడినవి

అడుగున బుంట్స్‌లావు అన్న పేరున్న పాత్రలు ఊరు పోలండ్‌లో కలిసిన 1945కు ముందువి అయ్యే అవకాశం ఎక్కువ. వాటి గ్లేజు గురించి కాగితాలు ఉండవు, ఎవరు ఏమి వాడారో ముద్రను బట్టి చెప్పలేము. వాటిని అల్మరాలో పెట్టుకోవడమే నయం. కొత్తవైనా వాడి అమ్మినవి కొంటే కత్తి, చెంచా రాపిడికి మెరుపు పోయిన నడిభాగాన్ని చూడాలి. బూడిదరంగు గీతలు మాత్రం ఉంటే భయపడనక్కరలేదు, అవి చెంచా లోహం గ్లేజు మీద అంటుకున్న మరకలు, మెత్తని తోముడు పొడికి చాలావరకు పోతాయి.

చివరి అడుగు: అమ్మేవారిని రాతపూర్వకంగా అడగడం

2005లో చేసిన సవరణ ప్రకారం, ఐరోపా సమాఖ్యలో ఆహారానికి వాడే సిరామిక్ వస్తువుల వెంట దుకాణం దాకా ఒక అనుగుణతా ప్రకటన రావాలి. అందులో తయారుచేసిన సంస్థ పేరు, చిరునామా, వస్తువు గుర్తింపు, ప్రకటన తేదీ, నిబంధనలకు లోబడినట్టు ధ్రువీకరణ ఉంటాయి. కొనుగోలుదారు ఈ ప్రకటన ప్రతినీ, కొనబోయే వస్తువు ఏ వర్గంలో పరీక్షించబడిందో, కొలిచిన అంకె ఎంతో కూడా అడగవచ్చు. హద్దు లోపల ఉంది అని మాత్రమే రాసినదాని కంటే, కొలిచిన అంకె ఇచ్చిన జవాబు ఎంతో మేలు. పరికరం పట్టుకోగల స్థాయి కంటే తక్కువ అని వస్తే ఇంకా మంచిది. సీసం లేనిది అన్న ఒక్క స్టిక్కరు మాటే జవాబుగా వస్తే, అది గ్లేజు గురించా రంగుల గురించా అని తిరిగి అడగండి. ప్రకటనలోని వస్తువు సంఖ్య మీరు కొనే నమూనాతో సరిపోకపోయినా, తేదీ చాలా పాతదైనా, ఆ కార్ఖానా ఈ మధ్య గ్లేజు గాని రంగులు గాని మార్చిందేమో కనుక్కుని, కొత్త ప్రకటన వచ్చేదాకా ఆర్డరును ఆపి ఉంచవచ్చు.